కోతల్లేని జీతం

పరాయి దేశం పోవాలా వద్దా అని నన్నడిగితే పొమ్మనే చెబుతాను. ఈ మాట ముందే అనేస్తున్నాను. లేకపోతే ఇది చదివాక, ముసలాయన మనల్ని బెదిరించి ఊళ్ళో కూర్చోబెట్టడానికి రాశాడనుకుంటారు. అలా వెళ్ళి నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాళ్ళను చాలామందిని నా చేతుల మీదుగానే సాగనంపాను. వాళ్ళలో ఎక్కువమంది బాగుపడ్డారు. నేను చెప్పబోయేది బాగుపడుతూ ఉండగానే కూలిపోయిన ఒక సంసారం గురించి, అందులో నా తప్పు ఎంతన్నదాని గురించి.

మాచర్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు జీతాల గుమాస్తాగా పనిచేశాను. హోదా పేరు రెండు మూడుసార్లు మారింది గాని పని మారలేదు. నెలాఖరుకు హాజరు పట్టీలు చూసి ఎవరికెంత రావాలో కట్టడం, అందులోంచి కోయాల్సింది కోయడం. ప్రావిడెంట్ ఫండు, ఈఎస్ఐ, క్యాంటీను, సొసైటీ అప్పు, బీమా. జీతం చీటీలో ఎడమవైపు వచ్చేది ఉంటుంది, కుడివైపు పోయేది ఉంటుంది. మనుషులు ఎడమవైపు ఒక్క చూపు చూసి, కుడివైపు పది నిమిషాలు చూసేవాళ్ళు. ఫ్యాక్టరీలో సగం మందికి నా పేరు తెలియదు, ‘కత్తెర’ అంటే మాత్రం అందరికీ తెలుసు. నాకు కోపం వచ్చేది కాదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే ఉండేది. అన్నేళ్ళలో నా లెక్క తప్పని రుజువు చేసినవాడు లేడు.

ఆ చీటీ మీద ప్రతి నెలా తగాదా పెట్టుకునేవాడు ఒక ఫిట్టరు. మాచర్ల వాడే. వాళ్ళ నాన్నకు ఊళ్ళో స్కూటర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఇంట్లో ఉర్దూ, బయట నాకంటే చిక్కటి పల్నాటి తెలుగు. చెయ్యి చాలా మంచిది. క్రషరులో ఏదన్నా మొరాయిస్తే, స్క్రూడ్రైవరు మొన బేరింగుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, ఎక్కడ పోయిందో విని చెప్పేవాడు. జీతాల రోజు మాత్రం నా కిటికీ దగ్గర నిలబడి మొదలుపెట్టేవాడు.

“ఏందన్నా ఇది? పద్నాలుగు వేలు రాసి పదకొండు చేతిలో పెడతావ్. మిగతాది మీ అత్తగారింటికి పంపుతున్నావా ఏంది?”

“నీ ముసలితనానికి దాస్తున్నారా.”

“ముసలితనం దాకా ఉండాలి గదన్నా ముందు!”

వెనక వరసలో అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

అత్తగారింటి ఎగతాళిలో కొంత నిజం లేకపోలేదు. ఆ కోతల్లో ఒకటి బీమా. ఆ పాలసీ అతని చేత కట్టించింది నేనే. మా బావమరిది అప్పట్లో బీమా ఏజెంటు. ఆ ఏడు మార్చి దగ్గరపడే వేళకు అతనికి కొన్ని పాలసీలు తక్కువయ్యాయి. మా ఆవిడ పోరు పడలేక ఫ్యాక్టరీలో ఆరుగురి చేత సంతకాలు పెట్టించాను. ఫిట్టరు ఒక పట్టాన ఒప్పుకోలేదు. “నేను చచ్చినాక వచ్చే డబ్బు నాకెందుకన్నా?” అన్నాడు. “నీకు కాదురా, నీ పెళ్ళానికి” అన్నాను. ఎక్కడ పెట్టాలన్నా అని అడిగి సంతకం పెట్టాడు. మూడు లక్షల పాలసీ. నెలనెలా జీతంలోంచి కోసి, అందరిదీ కలిపి బీమా ఆఫీసుకు నేనే పంపేవాణ్ణి. అతను విడిగా వెళ్ళి కట్టే పని లేదు, గుర్తుపెట్టుకునే పని కూడా లేదు.

అలా ముప్పై ఒక్క నెలలు కోశాక అతనికి గల్ఫులో ఒక సిమెంటు ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. జీతం మన డబ్బులో నలభై రెండు వేలు. గది వాళ్ళది, తిండి వాళ్ళది, రెండేళ్ళకోసారి విమానం టిక్కెట్టు వాళ్ళది. ఆ కాగితం నా బల్ల మీద పరిచి, నా పెన్నే తీసుకుని నాకే లెక్క చెప్పాడు. ఇక్కడ పదేళ్ళు చేసినా మిగలనిది అక్కడ మూడేళ్ళలో మిగులుతుందని తేల్చాడు. నేను రెండుసార్లు వేసి చూశాను. తప్పు దొరకలేదు. అయితే అతను వేసిందీ నేను చూసిందీ చీటీలో ఎడమవైపు లెక్క మాత్రమే.

ఉద్యోగం మానేవాళ్ళ విషయంలో మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. ఇచ్చిపుచ్చుకోవడాలు తేల్చి, ఆఖరి సంతకం తీసుకుని, జీతాల రిజిస్టరులో ఆ పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసేవాణ్ణి. కంప్యూటర్లు వచ్చాక కూడా ఆ రిజిస్టరు నేను మానలేదు. గల్ఫుకు పోయేవాళ్ళయితే ఆ రోజు మిఠాయి తెచ్చి, నేను గీత గీస్తుంటే పక్కన నిలబడి సంబరంగా చూసేవాళ్ళు. ఫిట్టరు కిలో కోవా బిళ్ళలు తెచ్చాడు. ఫండు మొత్తం వెనక్కి తీసుకునే ఫారం కూడా అతని చేత నింపించాను. గల్ఫు ఏజెంటుకు కట్టడానికి చేసిన బాకీలో కొంత దానితో తీరుతుంది.

“గీత గట్టిగా గియ్యన్నా. మళ్ళా నీ కత్తెరకి దొరక్కూడదు” అన్నాడు.

గీశాను. ఆ గీతతో అతని ఫండు ఆగింది, ఈఎస్ఐ ఆగింది, బీమా కోత కూడా ఆగింది. మొదటి రెండూ అతనికి తెలుసు. మూడోది నేను చెప్పాలి. ఇకనుంచి బీమా నువ్వే విడిగా కట్టుకోవాలి అన్న ఒక్క ముక్క. కోవా తింటూ మరిచిపోయాను. ఆ రోజు వరకు అది మరుపే. అక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన అవసరం వచ్చేది కాదు.

కొన్ని నెలలకు, కంతులు ఆగిపోయాయి గనుక పాలసీ చెల్లదని బీమా ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. జీతంలోంచి కట్టేవాటికి ఉత్తరాలు ఫ్యాక్టరీకే వస్తాయి. ఎర్ర గీత పడ్డవాళ్ళ ఉత్తరాలు వేయడానికి నా బల్లకు ఎడమ పక్క ఒక సొరుగు ఉండేది. ఎప్పుడన్నా వాళ్ళే వస్తే ఇస్తాం, రాకపోతే అందులోనే పడి ఉంటాయి. చదివి ఆ సొరుగులో వేశాను. అతని ఇల్లు మా ఇంటికి నాలుగు వీధుల అవతల. బావమరిదికి చెబుదామంటే అతను అప్పటికే బీమా వదిలేసి మిర్చి వ్యాపారంలో దిగాడు. సరే, ఫిట్టరు సెలవుకు వచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నాను.

రెండేళ్ళకు వచ్చాడు. రంజాన్ నెలలో, పొద్దున పదింటికి, పెట్టెలు ఇంకా కారులో ఉండగానే ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగాడు. హైదరాబాదు నుంచి వచ్చే దారిలో ముందు ఫ్యాక్టరీ తగులుతుంది, తర్వాతే ఊరు. కాస్త ఒళ్ళు చేశాడు. టీ తెప్పిస్తానంటే ఉపవాసమన్నాడు. ఆఫీసులో అందరికీ సెంటు సీసాలు పంచాడు. నాకు మాత్రం సీసా ఇవ్వకుండా జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. అక్కడి జీతం చీటీ.

“చూడన్నా, కోతల గడి చూడు. సున్నా! ఎంత రాశారో అంతా చేతికొస్తది. నీకు ఆడ ఉద్యోగం దొరకదు. కత్తెరకి పనే లేదు!”

గుమాస్తాలందరూ మూగారు. టైమాఫీసు గుమాస్తా ఆ చీటీ చేతిలోకి తీసుకుని, “ముప్పై ఏళ్ళ నుంచి ఈయన మనల్ని ఊరికే కోశాడు గదయ్యా” అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

నా ఎడమ మోకాలికి ఆ సొరుగు తగులుతూనే ఉంది. నోటీసు గుర్తుకొచ్చింది. తీసి చేతిలో పెడదామనిపించింది. మరుక్షణం ఇంకోటి అనిపించింది. అంత తెలిసినవాడు గదా, తెలుసుకోనీ. కోతలే వద్దన్నవాడికి కోత గురించి నేనెందుకు చెప్పాలి? రెండు నెలల సెలవుంది, నాలుగు రోజులు పోనిచ్చి చెబుదాం, ఈ నవ్వులు చల్లారాక నా మాటకు విలువ ఉంటుంది. ఇదీ ఆ నిమిషంలో నేను చేసిన ఆలోచన. ఇంత చిన్న బుద్ధి నాకు ఇంకెప్పుడూ పుట్టలేదని చెప్పుకోవాలని ఉంది. పుట్టే ఉంటుంది, బయటపడి ఉండదు.

చీటీ మడిచి తిరిగి ఇచ్చాను. “బాగుంది” అన్నాను. నేను ఇంకా ఏదో అంటానని అతను నా మొహం వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నా సెంటు సీసా కూడా తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు కాస్తా రెండు నెలలయ్యాయి. మరమ్మతు కోసం కొలిమి ఆపారు, ఓవర్‌టైము లెక్కల్లో తల ఎత్తే తీరిక లేదు. ఇది సాకేనని నాకూ తెలుసు. అప్పటికైనా ఆ పాలసీని బతికించుకోవచ్చు. బాకీపడ్డ కంతులు వడ్డీతో కట్టి, డాక్టరు పరీక్ష చేయించుకుంటే చాలు. అతని దగ్గర అప్పుడు డబ్బుంది. గల్ఫు అతనికి అన్యాయం చేసిందని నేను అనను. ఆ రెండేళ్ళ సంపాదనతోనే తల్లికి మోకాళ్ళ ఆపరేషను చేయించాడు. మిగిలిన ఏజెంటు బాకీ తీర్చాడు. స్థలం కొని పునాదులు తీసి పిల్లర్లు లేపాడు. స్లాబు వచ్చే సెలవుకు వేద్దామని వెళ్ళిపోయాడు. ఇక్కడ ఉండి ఉంటే నా కత్తెర కింద ఆ మూడింటిలో ఒక్కటీ అయ్యేది కాదు.

మరుసటి ఏడు అక్కడే పోయాడు. పని మీద కాదు. సెలవు రోజు బట్టలు ఉతుక్కుంటూ గుండె ఆగి పడిపోయాడట. నలభై ఒక్క ఏళ్ళు. పని మీద పోతే కంపెనీ పరిహారం ఇచ్చేది. బట్టలు ఉతుక్కుంటూ పోయాడు గనుక ఆ నెల జీతం, సర్వీసుకు వచ్చే కొద్ది మొత్తం ఇచ్చి, శవాన్ని ఇంటికి చేర్చారు. వెళ్ళేటప్పుడు ఏజెంటు చేయించిన బీమా ప్రమాదాలకే పనికొస్తుంది, దాని గడువు కూడా తీరిపోయింది. ఇక్కడ ఉద్యోగంలో ఉండగా పోయి ఉంటే ఫండు ఆఫీసు నుంచి భార్యకు పింఛనూ, కొంత మొత్తమూ వచ్చేవి. ఎర్ర గీత దాటాక అవేవీ లేవు. గల్ఫు నుంచి వచ్చింది పిల్లర్ల కోసం చేసిన ఇనుము కొట్టు బాకీకి సరిపోయింది.

వాళ్ళలో భర్త పోతే ఇద్దత్ అని నాలుగు నెలల పది రోజులు గడప దాటరు. అది నిండిన మర్నాడే అతని భార్య ఫ్యాక్టరీకి వచ్చింది. అప్పటిదాకా నేనామెను దూరం నుంచి చూడటమే గాని మాట్లాడింది లేదు. చేతిలో రెక్సిన్ సంచి. అందులోంచి ప్లాస్టిక్ కవరు, కవరులోంచి పాలసీ కాగితం తీసింది. మడత కూడా నలగలేదు.

“ఆయన చెప్పాడన్నా. నాకేమన్నా అయితే ముందు ఫ్యాక్టరీలో జీతాల అన్న దగ్గరికి పో, బీమా ఉంది, ఆయనకి లెక్కంతా తెలుసు, పైసా తేడా రాదు అన్నాడు. మీరే గదా ఆ అన్న?”

నేనేనన్నాను.

“మా మరిది ఆ స్థలం అమ్మేద్దామంటున్నాడు. స్లాబు పడితే చాలన్నా. కింద గదులు అద్దెకిచ్చుకుని నేనూ మా అత్తా పిల్లా బతుకుతాం. ఎవురి మీదా పడం. మూడు లక్షలకి స్లాబు పడుద్ది గదన్నా?”

అప్పుడైనా చెప్పొచ్చు. దానికి బదులు, రేపు నరసరావుపేట ఆఫీసుకు పోయి కనుక్కుందాం తల్లీ అన్నాను. ఆమె వెళ్ళాక సొరుగు తీసి, అడుగున ఉన్న నోటీసు వెతికి జేబులో పెట్టుకున్నాను.

గురజాల, పిడుగురాళ్ళ మీదుగా రెండున్నర గంటల ప్రయాణం. ఆమె నా ముందు సీట్లో కిటికీ పక్క కూర్చుని ఆధార్ జిరాక్సులు, ఫోటోలు లెక్కపెట్టుకుంటూనే ఉంది. “ఎనిమిది ఫోటోలు తెచ్చానన్నా, సరిపోతయ్యా?” అని ఒకసారి వెనక్కి తిరిగి అడిగింది. సరిపోతాయన్నాను.

ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్న ఉద్యోగిని మంచిదే. రెండుసార్లు చూసింది, ఇంకొకర్ని పిలిచి చూపించింది.

“అమ్మా, ఇది ఆగిపోయి మూడేళ్ళు దాటింది. కనీసం మూడేళ్ళు కట్టి ఉంటే, కట్టినదానికైనా కొంత వచ్చేది. ముప్పై ఒక్క నెలలే కట్టారు.”

“లేదమ్మా, మళ్ళా చూడండి. ఆయన జీతంలోనే కోసేవాళ్ళు. ఈ అన్నే కోసేవాడు. చెప్పన్నా, నువ్వే గదా కోసేది?”

“ఆగిపోయినట్టు ఫ్యాక్టరీకి నోటీసు పంపామే. రాలేదా అండీ?” అని ఉద్యోగిని నన్నడిగింది.

ఇద్దరూ నా వంక చూశారు. రాలేదంటే అక్కడితో అయిపోయేది. తపాలాలో ఎన్ని పోవడం లేదు? ఆమె నన్నే నమ్మేది. నాకు మంచినీళ్ళిచ్చి, పాపం ఈయన మాత్రం ఏం చేస్తాడని ఊరుకునేది. ఆ దారి ఎంత తేలికో అప్పుడు నాకు స్పష్టంగా కనిపించింది. జేబులోంచి నోటీసు తీసి బల్ల మీద పెట్టాను.

“వచ్చింది. నా దగ్గరే ఉంది. నేనే చెప్పలేదు” అన్నాను.

ఇంకో ఐదు కోతలు కోసి ఉంటే మూడేళ్ళు నిండేవి. నా జీవితంలో కొన్ని లక్షల కోతలు కోసి ఉంటాను, కోయని ఆ ఐదే నాకు గుర్తున్నాయి.

ఆమె అక్కడ ఏడవలేదు. పాలసీని మళ్ళీ కవరులో, కవరును సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది. బస్టాండులో బల్ల మీద ఒక చివర తను, ఒక చివర నేను కూర్చున్నాం. ఫ్యాక్టరీలో ఆ రోజు జరిగిందంతా దాచకుండా చెప్పాను. చీటీ చూపించడం, అందరూ నవ్వడం, నాకు పౌరుషం రావడం. వచ్చే ఏడు రిటైరవుతున్నాను, నా గ్రాట్యుటీలోంచి ఆ మూడు లక్షలూ ఇస్తాను, స్లాబు వేయించు తల్లీ అన్నాను.

“ఆయన కట్టుకున్నదయితే తీసుకునేదాన్ని. మీది నాకెందుకన్నా” అంది.

మా బస్సు వచ్చింది. లేచి రెండడుగులు వేసి ఆగింది.

“ఆ రోజు ఇంటికొచ్చి ఆయన ఏమన్నాడో తెలుసా అన్నా? నేనే అడిగాను, ఇక్కడ కోసే బీమా గీమా ఏమయినయ్ అని. దానికాయన, జీతం కాగితం అన్నకి చూపిచ్చే వచ్చాను, తేడా ఉంటే ఊరుకునే మనిషి కాదు, మొహం మీదే తిడతాడు అన్నాడు. అన్న ఏం అనలేదు, అంటే అంతా సరిగ్గానే ఉన్నట్టు అన్నాడు.”

తిరుగు ప్రయాణంలో ఆమె ముందు వైపు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. నేను చిట్టచివర కూర్చున్నాను. గేటు దగ్గర అతను దిగింది ఎగతాళి చేయడానికని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు, తన లెక్క నా చేత సరిచూపించుకోవడానికి వచ్చాడు. పెట్టెలు కారులో ఉండగానే, పిల్లను చూడకుండానే, ముందు నా దగ్గరికి వచ్చాడు. మాచర్ల వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు.

మర్నాడు ఆ ఎడమ సొరుగు బల్ల మీద బోర్లించాను. పదిహేడు ఉత్తరాలు. బీమావి, ఫండువి, బ్యాంకువి. పదిహేడు ఇళ్ళకూ నేనే తీసుకెళ్ళాను. వెల్దుర్తి దాకా ఒకటి, నూజెండ్ల దాకా ఒకటి బస్సులో పోయి ఇచ్చి వచ్చాను. కొన్నింటికి ఇంకా గడువుంది, బతికాయి. కొన్నింటికి లేదు.

స్థలం అమ్మేశారు. అతను లేపిన పిల్లర్ల మీదే ఇప్పుడు ఎవరిదో రెండంతస్తుల మేడ ఉంది. ఆమె మిర్చికి తొడిమలు తీసే పనికి పోతుంది. దారిలో ఎదురైతే “బాగున్నారా అన్నా” అని ముందు తనే పలకరిస్తుంది. నేను తలూపుతాను.

రిటైరయ్యాక కూడా మీలాంటివాళ్ళు గల్ఫు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తూనే ఉన్నారు. వచ్చే జీతం గురించి నేను ఏమీ అడగను, అది మీకే బాగా తెలుసు. ఇక్కడి చీటీ తెమ్మంటాను. అందులో ఏమేం కోస్తున్నారో, విమానం ఎక్కాక వాటిలో ఏది ఎవరు కడతారో ఒక్కొక్కటీ మీ చేతనే రాయిస్తాను. మీ ఇంట్లోవాళ్ళను కూడా పక్కన కూర్చోబెట్టమంటాను. సంబరంగా వచ్చినవాడి మొహం మాడిపోతుంది. ఈ ముసలాయన నస ఏందిరా అని గేటు దాటాక మీరు అనుకోవడం నాకు వినిపిస్తూనే ఉంటుంది. అనుకోండి.

కానీ నాకూ వయసు మీద పడుతోంది, ఏదో ఒక రోజు మరిచిపోతాను. మీ కాగితం చూసి నేను ఏమీ అనకపోతే, అంతా సరిగ్గానే ఉందనుకుని వెళ్ళిపోకండి. నిలబడి మళ్ళీ అడగండి.